డిఫెండర్‌ని చూడాలంటే జూమ్ వద్దు, అల్ట్రావైడ్ కావాలి

ఈ మధ్య ఏ ఫోన్ రివ్యూ తీసుకున్నా కెమెరా సెక్షన్‌లో సగం జూమ్‌కే పోతోంది. పెరిస్కోప్ లెన్స్, 5ఎక్స్, 10ఎక్స్, చివర్లో ఒక చందమామ ఫొటో. అల్ట్రావైడ్ దగ్గరికి వచ్చేసరికి "ఉంది, పగలు పర్వాలేదు, రాత్రి నాయిజ్ వస్తోంది" అని ఒక్క లైన్‌తో సరిపెట్టేస్తారు. కంపెనీలు కూడా మిడ్‌రేంజ్‌లో ఒక 8 మెగాపిక్సెల్ అల్ట్రావైడ్ పడేసి చేతులు దులుపుకుంటున్నాయి. నాకైతే ఇది అస్సలు నచ్చట్లేదు. ఎందుకో చెప్పాలంటే కబడ్డీ దగ్గరికి పోవాలి, అందులోనూ డిఫెండర్ దగ్గరికి.

మాది చొప్పదండి. మా దగ్గర ఊరూరా కబడ్డీ ఆడే పోరలు ఉంటారు, పండక్కో జాతరకో టోర్నమెంట్ పెడతారు. రెండేళ్లుగా సెలవులకి ఇంటికి పోయినప్పుడల్లా ఆ మ్యాచ్‌లు ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నా. తర్వాత లాప్‌టాప్‌లో చూసి ఏ డిఫెండర్ ఎట్లా ఆడాడో రాసి వాళ్ల గ్రూప్‌లో పెడతా. మొదట్లో సరదాకే. ఇప్పుడు అట్లా లేదు, ఎందుకంటే ఈ ఆటలో డిఫెండర్‌కి జరుగుతున్న అన్యాయం వీడియోలో ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కనిపిస్తోంది.

లెక్క ఎట్లా ఉంటుందో చూడండి. రైడర్ కూతకొచ్చాడు, టచ్ చేశాడు, పాయింట్. ఎవరు తెచ్చారో అందరికీ తెలుసు. అదే పట్టుకున్నప్పుడు నలుగురు మీద పడతారు, కానీ ట్యాకిల్ పాయింట్ ఒక్కడి ఖాతాలోకే పోతుంది. మామూలుగా మొదట పట్టు వేసినవాడికి. ఇక రైడర్ ఏమీ చేయలేక ఖాళీగా వెనక్కి పోతే? ఎవరికీ ఏమీ రాదు. కానీ వరుసగా రెండు కూతలు ఖాళీ పోతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే రైడర్ ఔట్. మా ఊర్లల్ల థర్డ్ రైడ్ అంటారు. ఆ మూడో కూతలో పట్టినవాడు హీరో. ముందు రెండు కూతల్లో రైడర్‌కి సందు ఇవ్వకుండా ఆపినవాడి పేరు కాగితం మీద ఎక్కడా ఉండదు.

మా టీమ్‌లో రైట్ కవర్ ఆడే పోరడు ఒకడున్నాడు. పోయిన ఏడాది ఒక సెలక్షన్‌లో అతన్ని పక్కన పెట్టారు. చెప్పిన కారణం ఒక్కటే, ట్యాకిల్ పాయింట్లు తక్కువ. సెలక్షన్ అంటే మనకి సర్టిఫికెట్, సర్టిఫికెట్ అంటే రేపు స్పోర్ట్స్ కోటా. ఇంట్లో వాళ్లకి అర్థమయ్యే లెక్క అదే. సో ఆ "తక్కువ" అన్న మాట ఎంత నిజమో చూద్దామని అతను ఆడిన మ్యాచ్‌ల వీడియోలు మళ్లీ తీశా.

ఒక్క కూత చెప్తా. రైడర్ రైట్ కార్నర్ మీదికి పోయాడు. కార్నర్ డైవ్ చేసి యాంకిల్ పట్టాడు. రైడర్ బలంగా ఉన్నాడు, కాలితో పాటు కార్నర్‌ని కూడా మిడ్ లైన్ వైపు ఈడ్చుకుపోతున్నాడు. అప్పుడు మనోడు అడ్డం వచ్చి ఛాతీతో బ్లాక్ చేశాడు. ఔట్. పాయింట్ కార్నర్‌కి, చప్పట్లు కార్నర్‌కి. వీఎల్‌సీలో ‘ఈ’ బటన్ నొక్కితే వీడియో ఒక్కో ఫ్రేమ్ ముందుకి కదులుతుంది. అట్లా చూస్తే కార్నర్ డైవ్ చేయడానికి 12 ఫ్రేమ్‌ల ముందే మనోడి కుడికాలు కదిలింది. 60 ఎఫ్‌పీఎస్‌లో 12 ఫ్రేమ్‌లంటే 0.2 సెకండ్. రైడర్ తిరిగి పోయే దారి ఏదో ముందే చదివి, ఆ దారి మూసేశాడు. అతను అక్కడ లేకపోతే కార్నర్ ఔట్, ఎదుటి టీమ్‌కి పాయింట్. ఇట్లాంటివి ఒకటి కాదు. స్కోర్ షీట్‌లో మాత్రం ఆ మ్యాచ్‌కి అతని పేరు పక్కన రెండే పాయింట్లు.

ఇది మన ఊరి ఆటకే ఉన్న జబ్బు అనుకోకండి. ఐస్ హాకీలోనూ సేమ్ గొడవ. అమెరికా, కెనడాల్లో ఆడే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏటా బెస్ట్ డిఫెన్స్‌మన్‌కి నోరిస్ ట్రోఫీ ఇస్తారు. 2023లో అది ఎరిక్ కార్ల్‌సన్‌కి వచ్చింది. ఆ సీజన్‌లో అతను 25 గోల్స్, 76 అసిస్ట్‌లు, మొత్తం 101 పాయింట్లు చేశాడు. కానీ ప్లస్ మైనస్ అని ఇంకో లెక్క ఉంది. నువ్వు ఐస్ మీద ఉన్నప్పుడు రెండు టీమ్‌లూ సమానంగా ఆడుతూ మీ టీమ్ గోల్ కొడితే ప్లస్, తింటే మైనస్. అందులో అతనిది మైనస్ 26. డిఫెన్స్ ప్రైజ్ అటాక్ చేసినవాడికి ఇచ్చారని అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. ప్లస్ మైనస్ కూడా గొప్ప లెక్కేం కాదు, టీమ్ చెత్తగా ఆడితే మంచి ఆటగాడికి కూడా మైనస్ పడుతుంది. అక్కడ జెర్సీలో, పక్‌లో సెన్సర్లు పెట్టి ట్రాక్ చేసే స్థాయికి వెళ్లారు. అయినా కోచ్‌లు వీడియో ముందు కూర్చోక తప్పట్లేదు. డిఫెండర్ పని ఎక్కువగా "జరగనివ్వకపోవడం". జరగనిదాన్ని లెక్కబెట్టే కాలమ్ ఏ షీట్‌లోనూ లేదు.

మన తెలుగు టైటాన్స్ ఫ్యాన్స్‌కి ఇది ఇంకా బాగా తెలియాలి. ప్రో కబడ్డీ పదో సీజన్ వేలంలో పవన్ సెహ్రావత్ అనే సూపర్ రైడర్ మీద 2.605 కోట్లు పెట్టారు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు. అదే వేలంలో పుణేరి పల్టన్ 2.35 కోట్లు పెట్టి కొన్నది మొహమ్మద్‌రెజా షాద్‌లూయిని, ఇరాన్ ఆల్‌రౌండర్, అసలు బలం లెఫ్ట్ కార్నర్‌లో. పుణేరి కప్పు కొట్టింది, అదీ మన హైదరాబాద్‌లోనే. తర్వాతి సీజన్‌కి అతను హర్యానా స్టీలర్స్‌కి పోయాడు, కప్పు అక్కడికి పోయింది. ఒక్కడి వల్లే అంతా అయిందని నేననను, టీమ్ ఆట ఇది. పైసలు పెట్టేవాళ్లు డిఫెన్స్‌ని ఎంత సీరియస్‌గా చూస్తున్నారో చెప్తున్నా. వాళ్లకి వీడియో అనలిస్టులు ఉంటారు. మా పోరలకి ఉన్నది ఫోన్.

సరే, ఇప్పుడు ఫోన్ దగ్గరికి వద్దాం. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. మిడ్ లైన్ దగ్గర పక్కన నిలబడి కోర్టు మొత్తం ఫ్రేమ్‌లోకి తేవాలంటే, 24 ఎంఎం మెయిన్ కెమెరాతో దాదాపు 8.7 మీటర్లు వెనక్కి పోవాలి. స్టెబిలైజేషన్ క్రాప్ కలిస్తే ఇంకా వెనక్కి. ఊరి టోర్నమెంట్‌లో అంత వెనక్కి పోతే మీకు దొరికేది రెండొందల మంది తలకాయలు. అదే 13 ఎంఎం అల్ట్రావైడ్ అయితే 4.7 మీటర్లు చాలు. స్కోరర్ టేబుల్ పక్కన ట్రైపాడ్ పెట్టుకోవచ్చు. ఇంకా మంచిది, ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి పెట్టుకోండి. ఎత్తు నుంచి తీస్తేనే ఒకడి వెనక ఒకడు దాక్కోకుండా ఏడుగురూ విడివిడిగా కనిపిస్తారు.

అల్ట్రావైడ్‌ని తిట్టేవాళ్లు చెప్పే రెండు లోపాల్లో ఒకటి ఇక్కడ ప్లస్ అయిపోతుంది. చాలా ఫోన్లలో అల్ట్రావైడ్‌కి ఆటోఫోకస్ ఉండదు. ఉండకపోతే ఇంకా మంచిది, మధ్యలో రిఫరీ అడ్డం వచ్చినా ఫోకస్ ఎగిరిపోదు. రెండోది నిజమైన ఇబ్బందే. అంచుల్లో మనుషులు సాగినట్టు కనిపిస్తారు. అందుకే ఇద్దరు డిఫెండర్ల మధ్య దూరాన్ని కంటితో అంచనా వేయకుండా బాక్ లైన్, బోనస్ లైన్‌లతో పోల్చి చూడాలి.

జూమ్, సబ్జెక్ట్ ట్రాకింగ్ ఉన్న గింబల్, ఆటో ఫ్రేమింగ్, ఇవన్నీ రైడర్ వెంట పడతాయి. అతను కదులుతాడు కాబట్టి. రీల్స్‌కి నిలువుగా కట్ చేస్తే ఏడుగురిలో ఇద్దరే మిగులుతారు. టీవీలో కూడా అంతే, లైవ్ వైడ్‌గానే ఉంటుంది కానీ రీప్లే అంతా కాలు, లైన్, పట్టు. మా రైట్ కవర్ చేసిన ఆ 12 ఫ్రేమ్‌ల పని అట్లాంటి ఏ రీప్లేలోనూ దొరకదు.

రెజల్యూషన్ కంటే ఫ్రేమ్ రేట్ ముఖ్యం. 1080పీ 60 చాలు. 30లో పట్టు ఎవరిది ముందో చెప్పలేక కొట్లాట అవుతుంది. ఇక్కడే నాకు కంపెనీల మీద కోపం. చాలా మిడ్‌రేంజ్ ఫోన్లలో మెయిన్ కెమెరాకి 4కె 60 ఇచ్చి, అల్ట్రావైడ్‌ని 1080పీ 30 దగ్గరే ఆపేస్తారు. కొనేముందు ఈ ఒక్క లైన్ స్పెక్ షీట్‌లో వెతకండి. స్లో మోషన్ అసలు వద్దు. 240 ఎఫ్‌పీఎస్‌లో 30 సెకండ్ల కూత, 30 ఎఫ్‌పీఎస్‌లో ప్లే చేస్తే నాలుగు నిమిషాలవుతుంది. పైగా రాత్రి ఫ్లడ్‌లైట్ల కింద స్క్రీన్ మిణుకు మిణుకుమంటుంది. మన కరెంట్ 50 హెర్ట్జ్, లైట్లు సెకండ్‌కి 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి, మన కళ్లకి తెలియదు, సెన్సర్‌కి తెలుస్తుంది. ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్‌ని 1/100 దగ్గర లాక్ చేయండి, ఆ గొడవ చాలావరకు పోతుంది. ఎక్స్‌పోజర్ కూడా లాక్ చేయండి.

ఇంత చేశాక "ఏఐతో చేయొచ్చు కదా బ్రో" అని ఎవరో ఒకరు అడుగుతారు. చేసి చూశా. యోలోతో మనుషుల్ని గుర్తించి, ప్రతి ఒక్కరికీ ఒక ఐడీ ఇచ్చి ట్రాక్ చేయించా. కూత మొదలయ్యాక అందరూ విడిగా ఉన్నంతసేపు సూపర్. నలుగురు ఒకే రంగు జెర్సీలు రైడర్ మీద పడ్డాక ఐడీలు ఒకరివి ఒకరికి అతుక్కుంటాయి. మనకి కావాల్సిందే ఆ కుప్ప లోపల ఏం జరిగిందో. పట్టుకి ముందు ఎవరెక్కడ నిలబడ్డారో హీట్ మ్యాప్ గీయడానికి మాత్రం పనికొస్తుంది. మిగతాది కళ్లతోనే చూడాలి.

అదేం పెద్ద పని కూడా కాదు. మ్యాచ్ 40 నిమిషాలు, ఒక డిఫెండర్ కోసం ఎదుటి టీమ్ కూతలే కావాలి, అంటే 20 నిమిషాల వీడియో. అతను ఔటై బయట కూర్చున్న టైమ్ తీసేస్తే ఇంకా తక్కువ. ప్రతి కూతని రెండుసార్లు చూస్తా. మొదటిసారి రైడర్‌ని అస్సలు చూడకుండా మన డిఫెండర్‌నే చూస్తా, ఇది అలవాటు కావడానికి టైమ్ పట్టింది. పక్కోడి చేయి ఎప్పుడు వదిలాడు, అవసరం లేకుండా ముందుకి దూకాడా, పక్కోడు పట్టు వేస్తే దారి మూయడానికి ఎంత తొందరగా వచ్చాడు. కార్నర్ అయితే బోనస్ ఎన్నిసార్లు ఊరికే ఇచ్చాడు అనేది కూడా. రెండోసారి రైడర్‌ని చూస్తా, అతను ఎవరి వైపు పోవడానికి భయపడుతున్నాడో తెలుస్తుంది. మా రైట్ కవర్ వైపు రైడర్లు తక్కువగా పోతున్నారు. పోకపోతే ట్యాకిల్ చేసే ఛాన్సే రాదు కదా, పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఈసారి సెలక్షన్‌కి అతను తన కూతల వీడియో కూడా పట్టుకుపోతున్నాడు. అక్కడ చూస్తారో లేదో నాకు తెలియదు. పంపే విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే కంప్రెస్ అయి కాళ్లు, లైన్లు అన్నీ మసక అయిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, దానికి 2 జీబీ లిమిట్ ఉంది. ఐఫోన్‌లో 1080పీ 60 హెచ్‌ఈవీసీ నిమిషానికి సుమారు 90 ఎంబీ, మిగతా ఫోన్లలో కొంచెం అటూ ఇటూ. 20 నిమిషాల ఒక హాఫ్ 1.8 జీబీ. టైమ్ అవుట్‌లు కట్ చేస్తే ఒక్క ఫైల్‌లో పట్టేస్తుంది.