ఫ్రాట్ పిన్ ఇస్తే ఊరంతా తెలుస్తుంది!

అమెరికా కాలేజీ ఫ్రాటర్నిటీ అనగానే మనకు సినిమాల్లో చూసిన పార్టీలే గుర్తొస్తాయి. డిగ్రీకే అక్కడికి వెళ్లే మన పిల్లలకు మాత్రం అది రోజూ కనిపించే వ్యవహారం. 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టిన ఫై బీటా కప్పాతో ఈ గ్రీకు అక్షరాల సంఘాల కథ మొదలైంది. ఇంటర్న్‌షిప్ రెఫరల్ కూడా చాలామందికి ఆ సంఘంలోని సీనియర్ల ద్వారానే దొరుకుతుంది.

వీటిలో ఓ పాత ఆచారం ఉంది. ప్రేమ కాస్త గట్టిపడితే, అబ్బాయి తన సంఘం అక్షరాలున్న లాకెట్‌ను అమ్మాయికి ఇస్తాడు. దాన్ని లావలియర్ అంటారు. ఆ తర్వాతి మెట్టు పిన్నింగ్, అంటే గుండె మీద పెట్టుకునే తన బ్యాడ్జినే ఇచ్చేయడం. దాదాపు నిశ్చితార్థానికి ముందు మాట లాంటిదన్నమాట. సోరోరిటీల్లో అమ్మాయిలు గుండ్రంగా నిలబడి కొవ్వొత్తిని చేతులు మారుస్తారు, ఎవరు ఊదితే కబురు వాళ్లదే. కొన్నిచోట్ల పిన్ ఇచ్చిన కుర్రాడిని తోటివాళ్లు చెరువులో పడేస్తారు కూడా!

మరి ఇద్దరూ అబ్బాయిలైతే? అసలు చిక్కంతా ఇక్కడే. చాలా సంఘాల్లో బ్యాడ్జి సభ్యులే పెట్టుకోవాలి. పాత నియమాల్లో మినహాయింపు ఉన్నా అది తల్లికి, భార్యకు, కాబోయే భార్యకు. బాయ్‌ఫ్రెండ్ అనే మాటే అందులో లేదు. అతను వేరే ఫ్రాటర్నిటీ సభ్యుడైతే ఇంకో సంఘం బ్యాడ్జి పెట్టుకోవడం మర్యాద కాదు. ఇద్దరిదీ ఒకే సంఘమైతే ఇద్దరి దగ్గరా ఆ పిన్ ఉండనే ఉంటుంది, ఇక ఇచ్చేదేముంది! అందుకే చాప్టర్‌ను ముందే అడగడం మంచిది. మామూలుగా లాకెట్‌తో గొడవ తక్కువ.

నియమాల సంగతి ఎలాగోలా తేలుతుంది. నా దృష్టిలో పెద్ద విషయం వేరే ఉంది. ఈ కానుక రహస్యంగా ఇచ్చేది కాదు, నలుగురి ముందూ చేసే ప్రకటన. పిన్ ఇచ్చేవాడు ఇంట్లో చెప్పేసి ఉండొచ్చు, తీసుకునేవాడు చెప్పి ఉండకపోవచ్చు. కాబట్టి సర్‌ప్రైజ్ అస్సలు వద్దు. ఎవరెవరు రావాలి, ఫొటోలు తీయాలా, ఇన్‌స్టాలో పెట్టాలా అన్నది ఇద్దరూ కూర్చుని ముందే అనుకోవాలి. వద్దంటే లాకెట్ గదిలోనే ఇచ్చుకోవచ్చు, అదేమీ తక్కువ కాదు.

చట్టం చాలా దూరమే వచ్చింది. గే, బైసెక్సువల్ విద్యార్థులను కలుపుకొని నడిచే డెల్టా లాంబ్డా ఫై 1986లోనే వాషింగ్టన్‌లో మొదలైంది. స్వలింగ వివాహాలకు 2015లో అమెరికా సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. గే అన్న కారణంతో ఉద్యోగం పీకేయడం చట్టవిరుద్ధమని 2020లో బోస్టాక్ కేసులో తేల్చింది. అంటే ఆ ఫొటో చూసిన సీనియర్ రేపు మీ మేనేజరైనా, ఆ కారణంతో మిమ్మల్ని తీసేయకూడదు. మన దగ్గర 2018లో సెక్షన్ 377 తీర్పుతో నేరమన్న ముద్ర పోయింది. పెళ్లికి గుర్తింపు మాత్రం 2023లో సుప్రీంకోర్టు ఇవ్వలేదు. ఇక గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకు ఏ తీర్పూ వర్తించదు కదా.

మీ రూమ్మేట్‌కో క్లాస్‌మేట్‌కో పిన్నింగ్ జరిగి మిమ్మల్ని పిలిస్తే వెళ్లండి, కంగ్రాట్స్ చెప్పండి. ‘మీలో పెళ్లికొడుకెవరు’ లాంటి జోకులు వద్దు. వాళ్లు పార్ట్‌నర్ అంటే మీరూ పార్ట్‌నర్ అనే అనండి. ఫొటో తీస్తే వాళ్లిద్దరికే పంపండి. ఇండియాలో ఉన్న వాళ్ల కజిన్ మీకు ఫ్రెండే అయినా సరే, ఆ కబురు మీ నోట వెళ్లకూడదు.