తనవారి తప్పు

అధ్యక్షుల్లో ఎవరు ఉత్తములు, ఎవరు అధములు అన్న చర్చ అమెరికాలో ఎన్నటికీ తెగదు. అధ్యక్షుణ్ణి తూచేటప్పుడు ఆయన పార్టీనీ తూచడం న్యాయం.

1972లో నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచారు. రెండేళ్ళకు, టేపులు నిజం బయటపెట్టాక, గోల్డ్‌వాటర్ వంటి సొంత పార్టీ పెద్దలే శ్వేతసౌధానికి వెళ్ళి, సెనేట్‌లో ఆయనకు చాలినంత మద్దతు లేదని తేల్చిచెప్పారు. 1974 ఆగస్టు 9న ఆయన పదవి వీడారు. 1999 అభిశంసన విచారణలో క్లింటన్‌ను దోషి అన్న డెమొక్రాటిక్ సెనేటర్ ఒక్కరూ లేరు. 2020లో ట్రంప్‌ను దోషి అన్న రిపబ్లికన్ సెనేటర్ రామ్నీ ఒక్కరే. మరుసటి ఏడాది రెండో విచారణలో ఏడుగురు.

అభియోగాలు సమానం కావు. అయినా ఎదుటి పార్టీ తప్పెంచడానికి ధైర్యం అక్కర్లేదు. తనవారి తప్పును తప్పనగలగడమే పార్టీపట్ల అసలైన విధేయత, తక్కినది వ్యక్తిపూజ.