కరిగిందా, కలిసిందా?

పోయిన ఆదివారం గుడి క్లాసులో తప్పు చెప్పాను. "పసుపు నీళ్ళలో కరుగుతుంది" అన్నాను. కాసేపటికి ఒక పాప చెంబు తెచ్చింది. "టీచర్, పసుపు అడుగున ఉంది!"

నిజమే. పసుపు నీళ్ళలో కలుస్తుంది, కరగదు. దాని రంగు నూనెలో బాగా కరుగుతుంది, పోపులో చూడండి.

ఉప్పు, చక్కెర కరుగుతాయి. కంటికి కనబడవు, నాలుకకు తెలుస్తాయి. 100 గ్రాముల మామూలు నీళ్ళలో ఉప్పు సుమారు 36 గ్రాములు కరుగుతుంది. చక్కెర అయితే సుమారు 200 గ్రాములు! నేటాల్‌లో చెరకు నరికినవాళ్ళ మనవలం, మనకు తెలియాలి మరి.

ఐసు కూడా "కరుగుతుంది" అంటాం. దానికి నీళ్ళు అక్కర్లేదు, వేడి చాలు. మాట ఒకటే, పని వేరు.

వచ్చే వారం సుద్దముక్క, వంటసోడా, బియ్యప్పిండి తెండి. ఏది కరుగుతుందో ముందే రాసుకుని రండి. నేనూ రాసుకుని వస్తాను.