ముక్కలు లెక్కపెట్టక్కర్లేని కూర

మీ ఇంట్లో చేపల పులుసు వండిన రోజున తోకముక్క ఎవరి కంచంలో పడుతుందో ఎప్పుడైనా గమనించారా? నడుం ముక్కలు ముందు మగవాళ్ళకి, తర్వాత పిల్లలకి. తలకాయ మావగారికి. చివర్న వండినావిడకి ఇంత పులుసూ, రెండు బెండకాయ ముక్కలూ, అదృష్టం బాగుంటే ఓ తోక. ఎవరూ కక్షగట్టి చేసేది కాదిది. ముక్కలు లెక్కగా ఉంటాయి, తినే మనుషులు ముక్కల కంటే ఒకరెక్కువ ఉంటారు. ఆ ఎక్కువైన మనిషి ఎప్పుడూ మనమే.

అదే పరిగెలో, నెత్తళ్ళో చింతచిగురు వేసి వండిన రోజు చూడండి. గరిటెతో వడ్డిస్తాం. నడుమూ లేదు, తోకా లేదు. అందరి కంచంలోనూ తలతో, ముల్లుతో, మొత్తం చేపే పడుతుంది. నాకు చిన్న చేపలంటే ఇష్టం కలగడానికి రుచి ఒక కారణం, ఇది రెండో కారణం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చేసినప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని తేలింది. చేపలూ రొయ్యలూ దేశంలోకెల్లా ఎక్కువ పండే రాష్ట్రం మనది. మన చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో సర్దుకుని బెంగాల్‌కీ, అస్సాంకీ లారీలెక్కి వెళ్ళిపోతుంటాయి. పంపించొద్దని కాదు, రైతుకి నాలుగు డబ్బులు రావాలిగా. కాకపోతే అంత పండే చోట ఆడవాళ్ళ ఒంట్లో రక్తం లేకపోవడమేంటి అనిపిస్తుంది.

ఇప్పుడు కొత్త తిండి గురించి పెద్ద పెద్ద ప్రయోగాలు జరుగుతున్నాయి. జంతువుని చంపకుండా కణాల నుంచి మాంసం పెంచే పరిశోధనకి 2019లో కేంద్రం డబ్బిచ్చింది, అదీ హైదరాబాద్‌లోనే, సీసీఎంబీకీ, జాతీయ మాంస పరిశోధన కేంద్రానికీ. 2024లో కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అలాగే చేపమాంసం పెంచడానికి ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంది. వాళ్ళు మొదట ఎంచుకున్నవి ఏంటో తెలుసా? వంజరం, చందువలాంటి ఖరీదైన చేపలు! సైన్సు తప్పని నేననను. కానీ ప్రయోగశాలకి కూడా నడుం ముక్కే కావాల్సి వచ్చింది చూశారా.

మన దగ్గర "పుస్తెలమ్మైనా పులస తినాలి" అంటారు. ఆ పుస్తెలు ఎవరివో, పులస తినేదెవరో మాత్రం ఎవరూ చెప్పరు.

మాంసానికి బదులు అంటూ పట్నాల్లో ఫ్రిజ్జుల్లో అమ్మేవాటి మీద నాకు ఇంకో ఫిర్యాదు ఉంది. పనసకాయని "శాకాహార మాంసం" అని అమ్ముతున్నారు. పనసపొట్టు కూర పుట్టిన జిల్లాల వాళ్ళం మనం, ఆవపెట్టి వండితే దాని రుచి మనకొకరు చెప్పాలా? కానీ వంద గ్రాముల పచ్చి పనసలో మాంసకృత్తులు రెండు మూడు గ్రాములకి మించవు. శనగపప్పులో ఇరవై దాటతాయి, ఉలవల్లోనూ అంతే. మనం మీల్ మేకర్ అని పిలుచుకునే ఎండు సోయాలో యాభై దాకా ఉంటాయి. పిల్లలు మాంసం అనుకుని తింటే సరిపోదు, లోపల సరుకుండాలి. ఉలవచారు సీసాల్లో కొంటున్నాం కదా, అది రెడీమేడ్ భోజనమే. ఎవరూ దాన్ని కొత్త ప్రోటీన్ అనలేదు గనక దానికి పేరు రాలేదు.

సరే, చిన్న చేపలు అంత మంచివైతే ఎందుకు తినట్లేదు? తినేవాళ్ళని కాదు, బాగుచేసేవాళ్ళని అడగండి. కేజీ పెద్ద చేపని మార్కెట్లోనే కోయించుకోవచ్చు. కేజీ పరిగెలు ఇంటికే వస్తాయి, అలాగే వస్తాయి. బూడిద వేసి రుద్దాలి, ఒక్కొక్కటీ పొట్ట నొక్కి తియ్యాలి, ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్ళు కడగాలి. గంటన్నర నడుం వంచితే గానీ పొయ్యి మీదకి ఎక్కవు. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ "చిన్నయ్యే ఉన్నాయమ్మా ఇయ్యాల, తీస్కోండి, చవగ్గా ఇత్తాను" అన్నప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి నేను లెక్కేసుకునేది ధర కాదు, ఆ గంటన్నర. ఉద్యోగాలకెళ్ళే ఆడపిల్లలు ఆ లెక్క కూడా వెయ్యరు, వద్దంటారు. అంతే.

అలా మనం వద్దన్నవి ఎక్కడికి పోతున్నాయంటే, సముద్రం ఒడ్డున ఎండి, వాటిలో చాలా భాగం కోళ్ళ దాణాలోకీ, చేపల మేతలోకీ పోతున్నాయి. నెత్తళ్ళని కోడి తింటోంది, కోడిని మనం తింటున్నాం. మధ్యలో కోడికి ఎంత ఖర్చయిందో!

రెడీమేడ్ కూరలు చేసే శ్రద్ధ ఉన్నవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టాలని నా అభిప్రాయం. దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది కూడా పెద్దగా లేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపల కూరని పొరల సంచిలో మూసి 121 డిగ్రీల వేడిలో ఉడికించే పద్ధతి ఎప్పుడో సిద్ధం చేసింది. ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి ఉంటుంది. వాళ్ళ కేంద్రం విశాఖపట్నంలోనూ ఉంది. ఆ వేడికీ ఒత్తిడికీ చిన్న ముళ్ళు మెత్తబడిపోతాయి. అంటే పిల్లలు ముల్లని భయపడక్కర్లేదు, ముల్లులో ఉన్న కాల్షియం పారెయ్యక్కర్లేదు. మా అత్తయ్యగారికి పళ్ళు లేవు, ఆవిడ చేప తినాలంటే నేను పక్కన కూర్చుని ముళ్ళేరాలి. అలాంటి ఇళ్ళు ఎన్ని లేవు?

పక్కనున్న ఒడిశాలో మయూర్‌భంజ్ అంగన్‌వాడీల్లో ఎండు చిన్నచేపల పొడి పెట్టి చూశారు. మనకి ఎండురొయ్యల పొడి తెలుసు, అన్నంలో నెయ్యేసుకుని కలుపుకుంటాం. అంగన్‌వాడీ గుడ్డుకి తోడుగా చెంచాడు చేపపొడి ఇస్తే తల్లులు కాదంటారా? చేప తినని వాళ్ళకి ఉలవలతోనో, సోయాతోనో ఇంకో పొడి ఉండాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

మాకు ఇక్కడ పోలవరంలో ఇంకో సంగతుంది. ప్రాజెక్టు ముంపు ఊళ్ళ నుంచి కాలనీలకి వచ్చినవాళ్ళలో చాలామందికి ఒకప్పుడు పెరటి గుమ్మం దాటితే గోదారి. వలేస్తే కూర. ఇప్పుడు కాలనీ ఇంట్లో కూర కొనాల్సిందే. చేపని చూడగానే జాతి చెప్పే, చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. చేపలు బాగుచేసే పని కూలి కట్టి వాళ్ళకి ఇవ్వండి. ఇంట్లో ఊరికే చేసిన గంటన్నరకి బయట రేటు కడితే ఎంతవుతుందో అప్పుడు తెలుస్తుంది. ఉడికించి మూసే పని మాత్రం సరైన యంత్రాలున్న చోటే జరగాలి. రొయ్యల పచ్చడిలో పులుపూ ఉప్పూ నూనే కాపలా ఉంటాయి గనక ఇంట్లో పెట్టి వాట్సాప్‌లో అమ్ముకుంటున్నారు. గాలి తీసి మూసిన చేపకూర అలా కాదు, వేడి చాలకపోతే ప్రాణం మీదకొస్తుంది.

ధర సంగతి కూడా అనుకోవాలి. ప్యాకెట్ మీద బొట్టు పెట్టుకున్న బామ్మ బొమ్మ వేసి, "అమ్మ చేతి వంట" అని రాసి, రెండొందలకి నాలుగు ముక్కలు అమ్మే వ్యాపారం నాకు అక్కర్లేదు. కవళ్ళ కూర కోడిగుడ్ల కూర ఖరీదులో రావాలి. అన్నం వార్చేలోపు వేడినీళ్ళలో వేసి తియ్యగలగాలి. ఒక్క మనిషికి ఒక ప్యాకెట్ ఉండాలి.

ఆ చివరి మాట మీద మా ఆయన నవ్వారు. "నలుగురికీ కలిపి పెద్దదొకటి కొంటే చవకే కదా" అన్నారు.

"చవకేనండి, కానీ అప్పుడు మళ్ళీ వడ్డించేది నేనే కదా" అన్నాను.