వాగు అవతలి కాన్పులకూ ధనుర్వాతం సూది అందాలి: నిర్మల్ కలెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్మల్ జిల్లా కలెక్టర్ గారికి,

ఖానాపూర్ నుంచి రాస్తున్నాను. ఖానాపూర్, పెంబి, కడెం మండలాల్లో వాగులు దాటి వెళ్లాల్సిన గూడేల్లో వానాకాలంలో నెలలు నిండే ఆడవాళ్ల గురించి, వాళ్లకు ముందే పడాల్సిన రెండు ధనుర్వాతం సూదుల గురించి మీకు చెప్పుకోవాలి.

పుట్టిన పిల్లలకు వచ్చే ధనుర్వాతాన్ని ఇప్పటి యువ డాక్టర్లలో చాలామంది పుస్తకంలో చదవడమే తప్ప కళ్లారా చూసి ఉండరు. అది మన ఘనతే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, దేశంలోనే మొదటిగా ఈ జబ్బును తరిమేసిన రాష్ట్రంగా గుర్తింపు పొందింది. అప్పటికి ఖానాపూర్ ఇంకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. ఏటా లక్షన్నర నుంచి రెండు లక్షల కేసులు చూసిన దేశం మొత్తానికి ఆ గుర్తింపు దక్కింది 2015లో. ఎండలో వానలో టీకాల డబ్బా భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన ఏఎన్ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు సాధించిన విజయమిది.

అయితే ఆ గుర్తింపు వెనకున్న లెక్క ఒకటి చూడండి. ఏడాదిలో ఒక జిల్లాలో పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఒక్క కేసుకన్నా తక్కువ ఉంటే జబ్బు పోయినట్టే. అంటే పదివేల కాన్పులయ్యే జిల్లాలో తొమ్మిది మంది పసివాళ్లకు ధనుర్వాతం వచ్చినా ఆ జిల్లా గుర్తింపు చెక్కుచెదరదు. ఆ తొమ్మిది ఎక్కడ వస్తాయో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. బస్సు వెళ్లని చోటే వస్తాయి.

ఈ జబ్బుతో బిడ్డ ఎలా పోతుందో ఒక్కసారి దగ్గరగా చూడమని వేడుకుంటున్నాను. బిడ్డ నిక్షేపంగా పుడుతుంది. గట్టిగా ఏడుస్తుంది, రెండు రోజులు చక్కగా పాలు తాగుతుంది. మూడో రోజు తర్వాత, చాలాసార్లు ఆరో రోజో ఏడో రోజో, పాలు పట్టడం మానేస్తుంది. తల్లి రొమ్ము అందించినా దవడలు తెరుచుకోవు. పెదాలు బిగుసుకుంటాయి, పిడికిళ్లు విడవవు, నడుము వెనక్కి వంగిపోతుంది. తలుపు చప్పుడైనా, మొహం మీద వెలుతురు పడినా, చివరికి తల్లి ఎత్తుకున్నా ఒళ్లంతా మళ్లీ కొయ్యబారుతుంది. ఓదార్చబోయిన తల్లి చెయ్యి కూడా బిడ్డకు బాధ పెడుతుంది. పెద్దాసుపత్రిలో చీకటి గదిలో పెట్టి, మత్తుమందులిచ్చి, మిషను మీద ఊపిరి ఆడించినా గ్యారంటీ లేదు. వైద్యం అందకపోతే దాదాపుగా ఎవరూ బతకరు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు. పేరైనా పెట్టకముందే పోయిన బిడ్డ చాలాసార్లు ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కదు.

ఈ క్రిమి మన నేలలోనే ఉంది. పొలం మట్టిలో, పశువుల పేడలో, ఇంటి దుమ్ములో దాని సిద్ధబీజాలు ఏళ్ల తరబడి బతుకుతాయి. కాసేపు మరిగే నీళ్లలో వేసినా చావవు. బొడ్డు కోసిన కొడవలి మీదో, కట్టిన దారం మీదో, తొందరగా ఆరుతుందని అద్దిన బూడిదలోనో అవి ఉంటే చాలు. మశూచిని తుడిచిపెట్టినట్టు దీన్ని తుడిచిపెట్టలేం. పైగా ఇది ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు కాదు కాబట్టి, ఊళ్లో తొంభై మంది సూది వేయించుకున్నా మిగిలిన పది మందికి ఆ రక్షణ రాదు. ఏ తల్లికి పడిన సూది ఆ తల్లి బిడ్డనే కాపాడుతుంది. తల్లి ఒంట్లో తయారైన బలం మాయ ద్వారా బిడ్డకు చేరాలి. బిడ్డకు వేసే టీకా ఆరు వారాలకు గానీ మొదలవదు, ఈ జబ్బు మొదటి నెలలోనే వస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 1992-93లో ఉమ్మడి రాష్ట్రంలో ఇది మూడో వంతే. ఎంత దూరం వచ్చామో! మిగిలిన మూడు శాతం మీదే నా బెంగ. 2023 ఆగస్టులో పెంబి మండలంలో నెలలు నిండిన ఒక గిరిజన మహిళకు అంబులెన్సు వచ్చేలోపే రోడ్డు పక్కన కాన్పయింది. అంబులెన్సు ఆలస్యం మీద అందరం కోప్పడ్డాం, కోప్పడాల్సిందే. అలాంటి ప్రతి కాన్పు దగ్గరా అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. బొడ్డు దేంతో కోశారు? తల్లికి సూదులు రెండూ పడ్డాయా? 2022, 2023 జూలైల్లో కడెం ప్రాజెక్టుకు ముప్పు వచ్చి దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు. నొప్పులు అటువంటి రోజుల్లో కూడా వస్తాయి కదా సార్.

ధనుర్వాతానికి వేసే టీటీ స్థానంలో ఇప్పుడు టీడీ వచ్చింది, మా దగ్గర ఇంకా అందరూ టీటీ సూది అనే అంటారు. గర్భం తెలియగానే ఒకటి, నాలుగు వారాలకు రెండోది. రెండోది కాన్పుకు కనీసం రెండు వారాల ముందు పడాలి. మూడేళ్లలోపు ముందు కాన్పుకు రెండూ వేయించుకుని ఉంటే ఇప్పుడు ఒకటి చాలు. ఆరోగ్య కేంద్రంలో ఎనిమిదో నెల దాటాక పేరు రాయించుకున్న అమ్మాయికి ఈ లెక్క సరిపోదు, నెల ముందే కాన్పయితే అసలే సరిపోదు. తల్లీబిడ్డల కార్డులో మొదటి సూది తేదీ ఉండి రెండోదాని గడి ఖాళీగా ఉంటే, ఆ ఖాళీని మీ వారపు సమీక్షలో పేరుపేరునా అడగండి. శాతాలు చదివి సరిపెట్టుకోనివ్వకండి.

అన్నిటికన్నా ముందు బడి ఈడు పిల్లల మీద దృష్టి పెట్టమంటాను. పదేళ్లకు ఒకసారి, పదహారేళ్లకు ఒకసారి టీడీ వేయాలని జాతీయ టీకాల పట్టికలోనే ఉంది. ఆశ్రమ పాఠశాలలో, కస్తూర్బాలో ఉన్న అమ్మాయికి అది సులువుగా అందుతుంది. పదో తరగతి తప్పి ఇంటికొచ్చి పత్తి ఏరుతున్న అమ్మాయికి ఎవరు వేస్తారు? తొందరగా పెళ్లయ్యేది, ఆలస్యంగా ఆసుపత్రి గడప తొక్కేది ఆ అమ్మాయే. బడి మానేసిన ఆడపిల్లల జాబితా విద్యాశాఖ దగ్గర, ఉట్నూరు ఐటీడీఏ దగ్గర ఉండాలి. దాన్ని ఏఎన్ఎం చేతికి ఇప్పించే అధికారం మీకుంది.

ఇంట్లో కాన్పయితే తిడతారని భయపడి ఆ సంగతి దాచే ఇళ్లు ఉంటాయి. అదే జరిగితే బిడ్డ ఏడో రోజు పాలు మానేసినా కబురు రాదు. ఆసుపత్రిలోనే కనాలని చెబుతూనే, వాగు అడ్డొచ్చి కన్న ఇంటిని దోషిలా చూడవద్దని సిబ్బందికి ఆదేశాలివ్వండి. వాగు అవతల ఉండే ప్రతి ఆశా సంచిలో వానాకాలమంతా ఒక సబ్బు, ప్లాస్టిక్ షీటు, విప్పని కొత్త బ్లేడు, శుభ్రమైన దారం ఉండాలి. మంత్రసానులున్న గూడేల్లో వాళ్లనూ పిలిచి కూర్చోబెట్టి, బొడ్డుకు ఏమీ రాయొద్దని, పొడిగా వదిలేయాలని గోండీలో, కొలామీలో చెప్పించండి. మన రాష్ట్రానికి పొరుగునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 1990లలో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి నెలలోపు పసిపిల్లల మరణాలను 62 శాతం తగ్గించి చూపించారు. ఆశా ఇవాళ మూడో రోజు, ఏడో రోజు బాలింత ఇంటి తలుపు తడుతోందంటే ఆ అనుభవం నుంచే. ఇంట్లో అయిన కాన్పుకు మొదటి రోజే వెళ్లాలన్నది కూడా ఆ నియమాల్లోనే ఉంది. నీళ్లు పారే వాగు ఆ మొదటి రోజును మింగేయకుండా, ఆశా అదే గూడెం మనిషై ఉండేలా చూడండి.

నెల తిరగకముందే బిడ్డ పోయిన ప్రతి ఇంటికీ ఒక డాక్టరు వెళ్లి, చివరి రోజుల్లో పాలు తాగిందా, ఒళ్లు బిగిసిందా అని అడిగి రాయాలి. ధనుర్వాతం పోయిందని చెప్పగలిగే ధైర్యం ఆ కాగితాల నుంచే రావాలి.

మృగశిర కార్తెలోపు, జూన్ నుంచి అక్టోబరు దాకా నెలలు నిండే వాగు అవతలి గర్భిణుల జాబితా తయారు చేయించండి. ఒక్కొక్కరికి రెండో సూది ఏ తేదీన పడింది, వాగు పొంగితే ఎక్కడికి, ఎవరు తీసుకెళ్తారు అన్నది అందులో ఉండాలి. ఆ ఆడవాళ్ల పేర్లు బయటపెట్టనక్కర్లేదు. ఎంతమందికి సూదులు పడ్డాయి, ఎంతమందికి ఇంకా పడాలి అన్న లెక్క మాత్రం మండల సర్వసభ్య సమావేశంలో చదివించండి. వినడానికి నేనొస్తాను.

ఇట్లు,
ఖానాపూర్ పౌరుడు