ఫోన్‌లో వచ్చిందిగానీ... కాగితం మీదికెలా?

పొద్దున్నే ఇంటర్ పరీక్ష. హాల్‌టికెట్ ఫోన్‌లో ఉంది. రాత్రి తొమ్మిదైంది. చిలమత్తూరులో జిరాక్సు దుకాణం షట్టరు దించేశారు. వీరాపురం నుంచో, కొడికొండ నుంచో అప్పటికప్పుడు బండి తీసి హిందూపురం వెళ్లినా అక్కడ తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. పిల్లలున్న ఇంట్లో ఏడాదికి ఒక్కసారైనా ఇలాంటి రాత్రి వస్తుంది.

కాగితాలన్నీ ఫోన్‌లోకి వచ్చేస్తున్నాయి. 2015లో మీభూమి వెబ్‌సైట్ మొదలయ్యాక అడంగల్, 1బి ఇంట్లో కూర్చునే చూసుకునే వీలొచ్చింది. 2025 జనవరిలో మన మిత్ర వాట్సాప్ సేవలు మొదలయ్యాయి. ఆ మరుసటి నెలే ఇంటర్ హాల్‌టికెట్లూ అందులోకి వచ్చాయి. అయితే అడిగేవాళ్లు మాత్రం ఇంకా కాగితమే అడుగుతున్నారు. పంట రుణానికి బ్యాంకులో, అడ్మిషన్‌కి కాలేజీలో ఫోన్ చూపిస్తే ‘ప్రింటు తీసుకురండి’ అంటారు. అందుకే ‘ఇంట్లోనే ఒక ప్రింటరుంటే?’ అన్న ఆలోచన ఇప్పుడు పట్నాలు దాటి పల్లెల దాకా వచ్చింది.

పొడిగాలికి పొడి సిరా

ప్రింటరు అనగానే చాలామంది చవగ్గా దొరికే ఇంక్‌జెట్ కొంటారు. నెలకోసారి వాడతారు. మూడో నెలకి గీతలు గీతలుగా వస్తుంది. నాలుగో నెలకి అసలే రాదు. కారణం సులువే. అందులో ఉండేది తడి సిరా. వెంట్రుకకన్నా సన్నని రంధ్రాల్లోంచి అది రావాలి. వాడకపోతే ఆ రంధ్రాల్లోనే ఎండిపోతుంది. చెరువులే ఎండిపోయే అనంతపురం సీమ ఎండల్లో సిరా ఎండటం ఒక లెక్కా!

లేజర్ ప్రింటరులో ఈ బెడద లేదు. అందులో ఉండేది టోనర్ అనే నల్లటి ప్లాస్టిక్ పొడి. మూడు నెలలు ముట్టుకోకపోయినా నాలుగో నెలలో మొదటి పేజీ స్పష్టంగానే వస్తుంది. లోపల ఒక గుండ్రటి డ్రమ్ము ఉంటుంది. దాని మీద లేజర్ కాంతి అక్షరాల ఆకారంలో విద్యుదావేశాన్ని మారుస్తుంది. పొడి అక్కడే అంటుకుని, కాగితం మీదికి దిగుతుంది. చివర్లో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడి రోలరు దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. కాగితం వెచ్చగా బయటికొచ్చేది అందుకే. నీళ్లు పడినా అక్షరం చెదరనిదీ అందుకే.

ఈ విద్య పుట్టిందే కాగితాల కష్టం నుంచి. న్యూయార్క్‌లో పేటెంట్ల విభాగంలో పనిచేసే చెస్టర్ కార్ల్‌సన్‌కి నకళ్లు రాసుకోవడమే పెద్ద పనైపోయింది. పైగా కీళ్లనొప్పులు. 1938 అక్టోబరు 22న ఆస్టోరియాలోని ఒక గదిలో గంధకం పూసిన జింకు పలక మీద మొదటి పొడి నకలు తీశాడు. ఇరవైకి పైగా కంపెనీలు ‘మాకొద్దు’ అన్నాయి. 1959లో జిరాక్స్ 914 యంత్రం వచ్చాకగానీ లోకానికి దాని విలువ తెలిసిరాలేదు. గ్రీకులో ‘జీరోస్’ అంటే పొడి. మన జిరాక్సు మాటకి మూలం అదే. అదే కంపెనీలో పనిచేసిన గ్యారీ స్టార్క్‌వెదర్ ఆ యంత్రానికి లేజర్ జోడించి ప్రింటరుగా మార్చాడు. 1984లో మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్ ధర 3,495 డాలర్లు. ఇప్పుడు వైఫై ఉన్న బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటరు పదివేల రూపాయలకి అటూ ఇటూగా మొదలవుతోంది.

ఏనుగు చవక... అంకుశం ప్రియం

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అంటారు. ప్రింటర్ల సంగతి తిరగేసి ఉంటుంది. ఇక్కడ ఏనుగే చవక. అంకుశానికే డబ్బులు పోయాలి. అందుకే కొనేముందు లెక్క వేసుకోవాలి.

ప్రింటరు 13,000 రూపాయలనుకుందాం. 1,500 పేజీలిచ్చే టోనర్ కార్ట్రిడ్జి 3,000 అనుకుంటే పేజీకి 2 రూపాయలు. 500 కాగితాల బండిల్ 300 అయితే కాగితానికి 60 పైసలు. మొత్తం 2 రూపాయల 60 పైసలు. దుకాణంలో ప్రింటు 5 రూపాయలైతే పేజీకి మిగిలేది 2 రూపాయల 40 పైసలు. అంటే ప్రింటరు డబ్బులు తిరిగి రావాలంటే దాదాపు 5,400 పేజీలు తీయాలి. నెలకి 200 పేజీలు తీసే ఇంటికి అది 27 నెలల పని. నెలకి 30 పేజీలే తీసే ఇంటికి 15 ఏళ్లు! దుకాణంలో 3 రూపాయలకే తీసిస్తుంటే ఆ ఆశ కూడా వదులుకోవచ్చు.

కాబట్టి పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, డ్వాక్రా సంఘం లెక్కలు రాసేవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. తక్కిన ఇళ్లకి డబ్బులో లాభం లేదు. బస్సు చార్జీ, పోయిన పూట కూలీ, రాత్రిపూట కంగారు కూడా లెక్కలో కలుపుకుంటేనే గిట్టుబాటు. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే ఉంటే ముగ్గురూ కలిసి ఒకటి కొనుక్కోవడం అన్నిటికన్నా తెలివైన బేరం.

డబ్బా మీద ఏం చూడాలి?

ముందు టోనర్ ధర, పేజీల సంఖ్య అడగండి. ప్రింటరు ధర ఆ తర్వాత. కొత్త ప్రింటరుతో వచ్చే కార్ట్రిడ్జి నిండుగా ఉండకపోవచ్చు. కంపెనీ చెప్పే పేజీల లెక్క కూడా పలచగా అక్షరాలున్న పేజీలకే. నల్లటి బొమ్మలు తీస్తే పొడి తొందరగా అయిపోతుంది. కొన్ని కార్ట్రిడ్జిల్లో చిప్ ఉంటుంది. బయట నింపించిన పొడిని ప్రింటరు ఒప్పుకోకపోవచ్చు. హిందూపురంలో రీఫిల్ చేసేవాళ్లని ‘ఈ మోడల్ నింపుతారా?’ అని ముందే అడిగి కొనడం మేలు. రెండు వైపులా తనంతట తానే ముద్రించే సౌకర్యం ఉంటే కాగితం ఖర్చు సగానికి తగ్గుతుంది.

వైఫై దగ్గర చాలామంది తడబడతారు. చవక ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. రూటరులో అది ఆపేసి ఉంటే ప్రింటరు ఎంత వెతికినా దొరకదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే వైఫై డైరెక్ట్ ఉన్న మోడల్ తీసుకోవాలి. అప్పుడు ఫోన్ నేరుగా ప్రింటరుతోనే మాట్లాడుతుంది.

తెలుగు ఫైలు పంపేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి పంపాలి. పీడీఎఫ్‌లో ఫాంటు ఫైలుతోపాటే వస్తుంది. లేదంటే ఒత్తులొక చోట, గుణింతాలొక చోట పడి, అర్జీలో ఊరి పేరే మారిపోగలదు.

ఇన్వర్టరుకి తగిలించొద్దు

రోలరు వేడెక్కేటప్పుడు లేజర్ ప్రింటరు వందల వాట్ల కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ఫ్యాన్లకీ లైట్లకీ పెట్టుకున్న చిన్న ఇన్వర్టరు దాన్ని మోయలేదు. గోడ ప్లగ్గుకే పెట్టాలి. వాడనప్పుడు ఎర్రమట్టి దుమ్ము పడకుండా గుడ్డ కప్పాలి. ముందు యంత్రం చల్లారాలి సుమా! పొడి బట్టల మీద పడితే దులిపి, చన్నీళ్లతోనే కడగాలి. వేడినీళ్లు పోస్తే అతుక్కుపోతుంది.

డబ్బుతో కొలవలేని లాభం మరొకటుంది. దుకాణంలో ప్రింటు తీయాలంటే ఆధార్, పాన్, పాస్‌బుక్ ఎవరిదో ఫోన్‌కి వాట్సాప్ చేయాలి. పని అయ్యాక అవి అక్కడే ఉండిపోతాయి. నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయొద్దని, చేస్తే ఆ ఫైళ్లన్నీ పూర్తిగా తుడిచేయాలని ఆధార్ సంస్థే హెచ్చరించింది. చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కూడా ఇస్తోంది. ప్రింటరు కొన్నా కొనకపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోవాలి. దుకాణం మెట్లు దిగేముందు ‘బాబూ, ఆ ఫైలు తీసెయ్’ అని అడిగి, తీసేదాకా నిలబడి చూడటానికి రూపాయి ఖర్చు లేదు.