మిషన్ల లెక్క సరే, రక్తశుద్ధి లెక్కేది?

బాచుపల్లిని చూపించి ఇదే అభివృద్ధి అంటారు. అపార్టుమెంట్లు లేచాయి, కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు నిండాయి, మందుల ఫ్యాక్టరీలున్నాయి, మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. మరి ఆ అపార్టుమెంటు గేటుకాడ కావలి కాసే మనిషికి, ఆ హాస్టల్లో వంట చేసే అక్కకు కిడ్నీలు పోతే బతుకు ఎట్లా నడుస్తుంది? ఆ లెక్క మనమే అడగాలి.

డయాలసిస్ మాటెత్తితే సర్కార్లు కేంద్రాల సంఖ్యే చెబుతాయి. 2014లో మూడే ఉండేవని, 2023 నాటికి 102 చేశామని అప్పటి సర్కారు చెప్పుకుంది. ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా చేయడం, వాడిన ఫిల్టర్‌ను మళ్లీ వాడకపోవడం మంచి పనులే. కాదనం. కానీ మిషన్‌కు తగిలించినంత మాత్రాన రక్తం శుద్ధి అయినట్టు కాదు.

మంచి కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. మిషన్ చేసేది మూడుసార్లు, నాలుగేసి గంటలు, మొత్తం 12 గంటలే. అందులోనూ కూలి పోతుందని రెండుసార్లతో సరిపెట్టుకుంటే, బస్సు దొరకదని మూడు గంటలకే సూదులు తీయించుకుంటే మిగిలేదేమిటి? దీన్ని పేషెంట్ నిర్లక్ష్యం అనడం అన్యాయం. పేదరికం పెట్టిన కోత అది.

శుద్ధి సరిపోయిందో లేదో తేల్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. డయాలసిస్‌కు ముందు, తర్వాత రక్తంలో యూరియా కొలవాలి. ముందు 100 ఉంటే తర్వాత 35కు దిగాలి. అంటే 65 శాతమైనా తగ్గాలి. దీన్నే ఇంకొంచెం లోతుగా లెక్కగట్టి డాక్టర్లు కేటీ/వీ అంటారు. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి ప్రతిసారీ అది 1.2కు తగ్గకూడదు, 1.4 లక్ష్యంగా ఉండాలి. తన అంకె ఎంతో తెలిసిన పేషెంట్లు మన ఊళ్లలో ఎందరున్నారు?

యూరియా దిగినా భాస్వరం అంత తేలిగ్గా దిగదు. రోజుకు సుమారు 900 మిల్లీగ్రాములు తింటే అందులో 60 శాతం దాకా ఒంటికి పడుతుంది. వారానికి దాదాపు 3,800. ఒక్కో డయాలసిస్ తీసేది సుమారు 800. మూడుసార్లకు 2,400, రెండుసార్లకైతే 1,600. మిగిలింది ఒంట్లోనే పేరుకుంటుంది. ఒళ్లంతా దురద పెడుతుంది, పారాథైరాయిడ్ గ్రంథి రెచ్చిపోయి ఎముకల్లోని కాల్షియంను లాగేస్తుంది, రక్తనాళాలు సున్నం పట్టిన పైపుల్లా గట్టిపడతాయి. చివరికి దెబ్బ పడేది గుండెకు.

అట్లాగని పప్పు, గుడ్డు మానేయమంటే మనిషి చిక్కిపోతాడు. డయాలసిస్‌లో ఉన్నవారికి మాంసకృత్తులు ఎక్కువే కావాలి. మానాల్సింది కోలాలు, ఫాస్ఫేట్లు కలిపిన ప్యాకెట్ తిండ్లు. వాటిలోని భాస్వరం దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. భాస్వరాన్ని పట్టి ఉంచే గోలీలు అన్నంతోపాటే వేసుకోవాలి, పరగడుపున వేస్తే దండగ. కాల్షియం గోలీలు కూడా పరీక్ష లేకుండా మింగితే ఆ కాల్షియమే నాళాల్లో చేరుతుంది.

కాల్షియం లేని గోలీ సెవెలమర్. బాచుపల్లిలో ఫ్యాక్టరీలున్న అరబిందో కంపెనీ 2017లో ఈ మందు అమ్ముకోవడానికి అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. అమెరికా పేషెంటుకు గోలీ పంపగల గడ్డ మీద, ఫ్యాక్టరీ గోడ పక్కన ఉండే పేషెంట్ ఆ గోలీ కోసం జేబు తడుముకోవాలా?

మనం అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. డాక్టర్ రాసినన్ని సార్లు, నిండా నాలుగు గంటల డయాలసిస్ కావాలి. నెలనెలా యూరియా, కాల్షియం, భాస్వరం అంకెలు తెలుగులో రాసి పేషెంట్ చేతికివ్వాలి. పారాథైరాయిడ్ పరీక్ష, భాస్వరం గోలీలు ఉచిత పథకంలో భాగం కావాలి. ప్రతి కేంద్రం తన పేషెంట్లలో ఎంతమందికి శుద్ధి సరిపోయిందో గోడ మీద రాసిపెట్టాలి.

మిషన్లు ఎన్నని చెప్పడం ఇక చాలు. వాటి మీద మనుషులు ఎట్లా బతుకుతున్నారో చెప్పాలి.